రెండు పక్కలా సింహాలే

"ఇది చెల్లదమ్మా."

"ఏంటికి చెల్లదు?"

"వెనక అంకె లేదు."

"ముందర సింహాలుండాయి కదా."

"వెనక కూడా సింహాలే ఉండాయి. నేను చెప్పేది అదే."

పులివెందుల నుంచి ప్రొద్దుటూరు పోయే బస్సు జమ్మలమడుగు దాటి రెండు మైళ్ళు కూడా రాలేదు. బయట వాన. లోపల కూడా కొంచెం వానే. ఆ బస్సు టాపుకు ఎన్నిసార్లు తారు పూసినా నాలుగు చోట్ల కారడం మానలేదు. ఆ నాలుగింటిలో ఒకటి సరిగ్గా కండక్టర్ ఖాదర్ నెత్తిమీద ఉంది. పక్కకు జరుగుదామంటే లింగాల రైతు మిరపకాయల మూట అడ్డం.

అది 1958, జూలై నెల మొదటి వారం. నయాపైసలు వచ్చి ఏడాది దాటింది. అణాలు పోలేదు, పైసలు నిలదొక్కుకోలేదు. వంకుల అంచు ఉన్న బిళ్ళ కనిపిస్తే అది పాత అణానో కొత్త పది పైసలో తిప్పి చూస్తే తప్ప తెలిసేది కాదు. ఈ పిల్ల ఇచ్చిన బిళ్ళను ఎన్నిసార్లు తిప్పినా ఏమీ తెలియడం లేదు. ఒకవైపు సింహాలు ఉబ్బెత్తుగా నిలబడి ఉన్నాయి. రెండో వైపు అవే సింహాలు లోపలికి గుంటపడి, కుడి ఎడమలు తారుమారై ఉన్నాయి.

"అది అణా అప్పా," అన్నాడు లింగాల రైతు మూట మీది నుంచి మెడ సాచి.

"అణా ఇంత పెద్దగుంటాదా? పది పైసలు!" అన్నాడు వెనక సీటాయన.

"సర్కారు కొత్తగా సింహాల బిళ్ళ వదిలిందేమో. దినానికొకటి వదుల్తాండారు కదా," అంది ఒక ముసలమ్మ.

బస్సంతా రెండు పార్టీలైంది. యాభై పైసలున్న చార్జి ఒకటో తేదీ నుంచి అరవై చేశారు. ఆ సంగతి ఈ పిల్లకు తెలియదు. సరిగ్గా యాభై చేతిలో పట్టుకుని ఎక్కింది. మిగతా పది అడిగితే కిటికీ వైపు తిరిగి, బురఖా లోపల ఏదో తడుముకుని ఈ బిళ్ళ తీసి ఇచ్చింది.

"చూడప్పా," అందా పిల్ల, ముఖం మీది ముసుగు వెనక్కి తోసి. "దిగమంటే దిగుతా. ఈ వానలోనే దిగుతా. ట్రైనింగ్ స్కూల్లో ఈ పొద్దే నా మొదటి దినం. లేటు ఏంటికైందని హెడ్మిస్ట్రెస్ అడిగితే బస్సు పేరు చెప్తా. నీ పేరు కూడా చెప్తా."

"నా పేరు నీకేం తెలుసు?"

"ఇంగెంతసేపు? తెలుస్తాది."

"ఒరే ఖాదర్‌గా! ఆడ ఏం పంచాయితీరా? స్టేజీ వస్తాంది!" అని ముందు నుంచి డ్రైవర్ కరీముల్లా కేక వేశాడు.

"ఖాదర్," అందా పిల్ల తృప్తిగా.

అప్పుడు చూశాడు ఖాదర్ ఆమె ముఖాన్ని సరిగ్గా. చూడకుండా ఉంటే ఆ పది పైసల లెక్క అక్కడికక్కడే తేలిపోయేది. కోపంగా ఉండవలసిన కళ్ళు నవ్వుతున్నాయి, నవ్వవలసిన పెదవులు బిగుసుకుని ఉన్నాయి. ఏది నమ్మాలో తెలియక టిక్కెట్టు చింపి ఇచ్చేశాడు. ఆ కంగారులో ఇంకో టిక్కెట్టు కూడా చింపి లింగాల రైతు చేతిలో పెట్టాడు. ఆయన అప్పటికే పులివెందులలో ఒకటి కొన్నాడు.

ప్రొద్దుటూరులో ఆ పిల్ల దిగి, గొడుగు లేకుండానే నడిచిపోయింది. ఆమె కూర్చున్న సీటు మీద ఆకుపచ్చ గుడ్డపీలిక ఒకటి ముడి ఊడి పడి ఉంది.

అది చూడగానే ఖాదర్‌కు సంగతి తెలిసిపోయింది. ముసల్మానుల్లో ఎవరైనా ఊరు దాటి పోతుంటే పెద్దవాళ్ళు పచ్చగుడ్డలో ఒక నాణెం పెట్టి జబ్బకు కడతారు. దాన్ని ఇమామ్ జామీన్ అంటారు. క్షేమంగా చేరాక ఆ నాణెం బీదవాళ్ళకు ఇచ్చేయాలి. అది దేవుడి పూచీ కింద పెట్టిన సొమ్ము. దాన్ని తాను బస్సు చార్జి కింద వసూలు చేసుకున్నాడు!

తన జేబులోంచి మంచి పది పైసలు తీసి బస్సు సంచిలో వేసి, సింహాల బిళ్ళ బయటికి తీశాడు. దాన్ని ఆమె తరఫున తానే దానం చేస్తే పాపం తీరుతుందనుకున్నాడు. దర్గా ముందు కూర్చునే ఫకీరు చేతిలో పెట్టాడు. ఫకీరు అటు తిప్పి, ఇటు తిప్పి, దీవించి, వెనక్కి ఇచ్చేశాడు.

"వెనక అంకె లేదు నాయనా."

*

పులివెందులలో శేషాచలం అని రిటైరైన పోస్టుమాస్టరు ఉండేవాడు. రోజూ ఉదయం బస్సు కదిలే ముందు వచ్చి, "ఏమన్నా వంకర సరుకు వచ్చిందా ఖాదరూ?" అని అడగడం ఆయన అలవాటు. ఆయనకు కావలసింది పాత నాణేలు కాదు, వెండి రూపాయలు కాదు. టంకశాలలో తప్పు జరిగిన బిళ్ళలు కావాలి. పక్కకు జరిగి చంద్రవంకలా ముద్ర పడ్డ కాణీలు, రెండుసార్లు గుద్దు తిని రాజుకు రెండు ముక్కులు వచ్చిన అర్ధణాలు ఆయన దగ్గర ఒక రేకుపెట్టె నిండా ఉన్నాయి. ఊరు ఆయనకు పిచ్చి అని ఎప్పుడో తేల్చేసింది.

ఖాదర్ సింహాల బిళ్ళ తీసి చూపించాడు. శేషాచలం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. బస్సు మెట్టు మీద కూర్చున్నాడు.

"యాడిది రా ఇది?"

"ఒక ప్యాసింజరు ఇచ్చింది సామీ. చెల్లదు కదా?"

"చెల్లదా! ఒరే, ఇది చెల్లే సరుకు కాదు, దాచుకునే సరుకు." ఆయన బిళ్ళను అంచులు మాత్రమే పట్టుకుని వెలుతురుకు ఎత్తాడు. "విను. టంకశాలలో రెండు అచ్చుల నడుమ బిళ్ళను పెట్టి ఒక్క గుద్దు గుద్దుతారు. ఒక పక్క సింహాలు, ఒక పక్క అంకె. గుద్దినంక నాణెం రాలిపోవాల. ఎప్పుడో ఒకసారి రాలదు. అంకె ఉండే అచ్చుకే కరుచుకోని ఉండిపోతాది. దాని కిందికి ఇంకో బిళ్ళ వస్తాది. మళ్ళా గుద్దు. ఇప్పుడు దీనికి అంకె యాడ తగుల్తాది? ముందరి నాణెమే తగుల్తాది. దాని సింహాలు దీని వీపున గుంటపడతాయి. అదీ కథ."

"అంటే ముందరిది వదలకపోతే వెనకదానికి తిప్పలు."

"తిప్పలు కాదురా, అదృష్టం. కోట్ల కొద్దీ కొడతారు. ఇట్లాంటిది పడితే ఆడనే ఏరి కరిగిస్తారు. వాళ్ళ కన్నుగప్పి బయటపడి, వేయి చేతులు మారి, ఎవురూ గుర్తుపట్టక నీ సంచిలోకొచ్చింది. మద్రాసులో ఒకాయన ఉండాడు, ఇది చూస్తే రేత్రింబగళ్ళు నిద్రపోడు."

"తప్పు బిళ్ళకు ఇంత మోజు ఏంది సామీ?"

శేషాచలం బిళ్ళను మళ్ళీ తిప్పి చూశాడు. "ముప్పై ఏండ్లు తపాలా ముద్రలు గుద్దినా ఖాదరూ. ఒక్కటి వంకర పోలే. పోతే మెమో ఇస్తారని భయం. అన్నీ ఒకటే మాదిరి గుద్ది గుద్ది, ఇంటికొచ్చినంక ఒక్క ముద్ర కూడా గుర్తుండేది కాదు. వంకరపోయింది చూస్తే ముద్దొస్తాది నాకు. అదొక్కటే ఉంటాది కాబట్టి గుర్తుంటాది." బిళ్ళను జాగ్రత్తగా ఖాదర్‌కు తిరిగి ఇచ్చాడు. "నూరు రూపాయలిస్తా. ఇప్పుడే ఇస్తా. కానీ తోమొద్దు, రుద్దొద్దు, అరచేత్తో పట్టుకోవద్దు. ఉన్నదున్నట్టు ఉండాల."

ఖాదర్ జీతం నెలకు నలభై ఐదు. అయినా అతనికి ముందుగా నూరు గుర్తుకు రాలేదు. వదలకుండా కరుచుకున్న నాణెం మాట విన్నప్పటి నుంచి ఎందుకో జమ్మలమడుగు గుర్తుకొస్తోంది.

"నాది కాదు సామీ," అన్నాడు. "ఆ పిల్లనడగాల."

*

అడగడం అనుకున్నంత సులువు కాలేదు. ఆ పిల్ల సోమవారం పొద్దున జమ్మలమడుగులో ఎక్కి ప్రొద్దుటూరులో దిగేది. వారమంతా మేనత్త ఇంట్లో ఉండి శనివారం మధ్యాహ్నం తిరిగి వచ్చేది. మొదటి శనివారం ఖాదర్ ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"ఏమ్మా, ఆ పొద్దు నువ్వు ఇచ్చిన బిళ్ళ..."

మాట పూర్తికాలేదు. ఆ పిల్ల సంచిలోంచి తళతళలాడే పది పైసల బిళ్ళ తీసి టిక్కెట్ల పెట్టె మీద ఠప్పున పెట్టింది.

"ఇదిగో. దీనికి అంకె ఉంది. చూసుకో. వారమంతా అదే మనసులో పెట్టుకోనున్నావా?"

"అది కాదమ్మా, నేను చెప్పేది..."

"ఏమప్పా, దీని సింహాలు కూడా వద్దా నీకు?"

పక్కవాళ్ళు నవ్వారు. ఖాదర్ వెనక సీట్ల వైపు జరిగాడు.

సోమవారం మళ్ళీ ప్రయత్నించాడు. "నేను దుడ్ల కోసం రాలేదు. నీ బిళ్ళ నీకే ఇచ్చేస్తా," అన్నాడు గబగబా.

ఆమె ముఖంలో నవ్వు పోయింది. "ఇమామ్ జామీన్ వెనక్కు తీసుకుంటారా ఎవరన్నా? మా జేజికి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానీదు. నీకు మాత్రం ఆ మాత్రం తెలీదా?" అని కిటికీ వైపు తిరిగింది. కిటికీలో ఆమె నీడ మాత్రం నవ్వుతున్నట్టు అనిపించింది. వాన నీళ్ళలో సరిగ్గా కనబడలేదు.

ఉంచుకుంటే పాపం. దానం చేస్తే ఫకీరు తీసుకోడు. ఇచ్చేస్తే ఆమె తీసుకోదు. అమ్మితే దొంగతనం. ఈ లోకంలో తనకు మాత్రమే ఇన్ని చిక్కులెందుకో ఖాదర్‌కు అర్థం కాలేదు. అంతకంటే అర్థంకానిది ఇంకోటి ఉంది. సోమ, శనివారాలు రాకముందు తలనొప్పి, వచ్చి పోయాక ఇంకా పెద్ద తలనొప్పి, మిగతా రోజుల్లో అసలు ప్రాణమే లేనట్టు ఉండటం. ఆదివారం బస్సు జమ్మలమడుగులో ఆగితే ఆమె ఎక్కదని తెలిసినా ప్రతి బురఖా వైపూ చూసేవాడు.

మూడో వారం ఆమె ఆలస్యంగా పరుగెత్తుకుంటూ వచ్చింది. కరీముల్లా బస్సు కదిలించబోతే ఖాదర్ విజిల్ వేయలేదు. ఎక్కి కూర్చున్నాక ఆమె, "విజిల్ పోగొట్టుకున్నావా?" అని అడిగింది.

"లేదు. ఉంది."

"మరి ఏంటికి ఊదలే?"

ఖాదర్ అప్పుడు గట్టిగా ఊదాడు. ఆమె పేరు మైమూన్ అని తోటి విద్యార్థిని ఒకతె పిలిస్తే తెలిసింది. ఆ పేరు నోట్లో పెట్టుకునే ఇల్లు చేరాడు.

*

ప్రొద్దుటూరులో ఖాదర్‌కు ఉన్నది తల్లి ఒక్కతే, అఖ్తర్ బీ. నాలుగో వారం ఆమెకు సంగతంతా చెప్పాడు. బిళ్ళ సంగతి ఐదు నిమిషాలు, ఆ పిల్ల సంగతి గంట.

అఖ్తర్ బీ బియ్యం ఏరుతూనే విన్నది. "ఎవరి పిల్ల?"

"జమ్మలమడుగు. బస్సెక్కేవాళ్ళను అడిగి కనుక్కున్నా. నాయన టైలరంట, అలీ అహ్మద్. జేజి పేరు మాబున్ని."

"మాబున్ని పెద్దమ్మా? మా పుట్టింటి వెనకిల్లే కదరా!" ఏరడం ఆపింది. "ఇమామ్ జామీన్ మగోడు వట్టి చేత్తో ఇస్తే ఎవరు తీసుకుంటారు? ఆడోళ్ళే పోయి కట్టాల. ఆదివారం ఆ పిల్ల ఇంట్లోనే ఉంటాది కదా, నేను పోతా."

"పులివెందుల సామి నూరు రూపాయలిస్తాడంట. అది కూడా ఆమెకు చెప్పు. అమ్ముకుంటాదో దానమిస్తాదో ఆమె ఇష్టం. మధ్యాన్నం నేను సామిని తోడుకోనొస్తా."

"చెప్తాలే," అంది తల్లి. ఎందుకో ఆమె ఆ రోజు చాలా సంతోషంగా ఉంది.

తోమవద్దని సామి చెప్పిన మాట చెప్పడం ఖాదర్ మరిచాడు.

ఆదివారం ఉదయం తల్లిని జమ్మలమడుగులో దించి పులివెందులకు వెళ్ళాడు. తిరుగు బస్సులో శేషాచలం కొత్త పంచె కట్టుకుని, నూరు రూపాయల నోటు కవరులో పెట్టుకుని ఎక్కాడు. జమ్మలమడుగులో బస్సు పదిహేను నిమిషాలు ఆగుతుంది. "ఎండలో ప్యాసింజర్లను ఉడకపెట్టొద్దు, బిన్నె రా," అన్నాడు కరీముల్లా.

అలీ అహ్మద్ ఇల్లు రెండు వీధుల అవతల. చాప మీద చక్కెర తట్ట, పక్కన తమలపాకులు. ఖాదర్ గడపలో అడుగు పెట్టగానే ఒక ముసలావిడ ఎదురొచ్చి గుప్పెడు చక్కెర అతని నోట్లో పోసింది. ఆవిడే మైమూన్ నాయనమ్మ, మాబున్ని జేజి. అతను సలాం చెప్పడానికి కూడా వీలులేకపోయింది.

నూరు రూపాయలంటే మాటలా, ఇంత సంతోషపడడంలో తప్పులేదు అనుకున్నాడు ఖాదర్.

మెడలో టేపు వేసుకున్న సన్నటి మనిషి వచ్చాడు. అలీ అహ్మద్. ఏమీ మాట్లాడకుండా ఖాదర్ భుజాల వెడల్పు కొలిచాడు. చొక్కా మీద సుద్దతో ఏదో గీశాడు. తర్వాత ఛాతీ కొలిచాడు.

"మామా... నాకు గుడ్డలు వద్దు."

"గుడ్డలు లేకుండా ఎట్ల నాయనా?" అన్నాడు అలీ అహ్మద్ మెత్తగా. "నా చేత్తో కుడితేనే నాకు తృప్తి. చెయ్యెత్తు."

ఖాదర్ చెయ్యెత్తాడు. తల్లి వైపు చూశాడు. తల్లి తమలపాకు మడుస్తూ ఇటు చూడటం లేదు.

"మరి ఎప్పుడనుకుంటాండారు?" అని అడిగాడు అలీ అహ్మద్.

"ఇప్పుడే మామా. సామి దుడ్లు కూడా తెచ్చినాడు. నూరు రూపాయలు."

టేపు ఆగింది. "నూరు రూపాయలా? ఏమిటికి?"

"ఆ బిళ్ళకు. మా అమ్మ చెప్పలేదా?"

"మీ అమ్మ ఏమీ చెప్పలేదు నాయనా," అంది మాబున్ని జేజి. "నువ్వు పంపినావని చెప్పి, జరీ పచ్చగుడ్డలో ఇమామ్ జామీన్ పెట్టి మా పిల్ల జబ్బకు కట్టింది. పిల్లోని తల్లి వచ్చి పిల్లకు ఇమామ్ జామీన్ కడితే ఇంగ చెప్పేదానికేముంది? మాట ఖాయమైనట్టే కదా!"

ఖాదర్ నోట్లో చక్కెర అట్లాగే ఉండిపోయింది. అక్కాచెల్లెళ్ళు లేని ఇంట్లో పెరిగిన మనిషి. ప్రయాణానికి కట్టే ఇమామ్ జామీన్ ఒక్కటే తెలుసు. సంబంధం కుదిరినప్పుడు పెళ్ళికొడుకు తరఫువాళ్ళు కట్టేది కూడా అదేనని ఆ క్షణంలో తెలిసింది.

"అమ్మా!"

"నేనేం చేసినా?" అంది అఖ్తర్ బీ. "గంటసేపు ఆ పిల్ల, ఆ పిల్ల అని చెప్పి పంపింది నువ్వే కదా. ఆడోళ్ళు కట్టాల అంటే కట్టినా."

లోపలి గుమ్మం దగ్గర గుడ్డతెర కదిలింది. మైమూన్ బయటికి వచ్చింది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, గొంతులో మాత్రం నిప్పులున్నాయి. జబ్బకున్న పచ్చగుడ్డను విప్పి చాప మీద పడేసింది.

"ఇదిగో. నూరు రూపాయల కోసం వచ్చినావు. తీసుకోనిపో."

"అట్ల కాదు..."

"నాలుగు వారాలుగా బిళ్ళ, బిళ్ళ అంటానే ఉండావు. నేనే ఇంకోటి అనుకున్నా. నాదే తప్పు."

శేషాచలం మాత్రం ఇవేవీ వినలేదు. ఆయన చాప మీద కూర్చుని, పచ్చగుడ్డ మడత విప్పాడు. లోపల బిళ్ళ అద్దంలా మెరిసింది.

"తోమినారా?" అన్నాడు, అయినవాళ్ళు పోయిన కబురు విన్నట్టు.

"చింతపండు, బూడిద పెట్టి గంటసేపు తోమినా సామీ," అంది అఖ్తర్ బీ. "పిల్లకు కట్టేది మురికిగా ఉంటే బాగుంటాదా? చూడండి ఎట్ల మెరుస్తాందో."

"ఒంటిమీది చర్మం ఒలిచినారు కదమ్మా దానికి! అచ్చు తగిలినప్పటి మెరుగు పోయింది. గుంటపడిన సింహాలకు గీతలు పడినాయి. మద్రాసాయన దీన్ని చేత్తో కూడా ముట్టడు." కవరు మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. "నూరు లేదు, ఏమీ లేదు."

"పోనీ పది పైసలకన్నా చెల్లుతాదా?" అని అడిగింది జేజి.

"అంకె లేదు కదమ్మా," అన్నాడు శేషాచలం దీనంగా.

వీధి చివర నుంచి బస్సు హారన్ వినిపించింది. ఒకసారి, రెండుసార్లు. కరీముల్లా హారన్‌లో తిట్లు స్పష్టంగా తెలుస్తాయి.

అలీ అహ్మద్ టేపు చుట్ట చుట్టి చేతిలో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఖాదర్ గడప దాటి వెళ్ళిపోతే మళ్ళీ ఈ ఇంట్లో అడుగు పెట్టే ముఖం ఉండదు. ఆ సంగతి అతనికీ తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. అందుకే హారన్ మోగుతున్నా నిలబడే ఉన్నాడు.

మైమూన్ కళ్ళు తుడుచుకుని అతని వైపు నేరుగా చూసింది.

"సామి చెప్పింది విన్నావు కదా. ఇప్పుడు దానికి నూరు లేదు, పదీ లేదు. బస్సు పిలుస్తాంది. ఇంకా ఏంటికి నిలబడుండావు?"

నాలుగు వారాలుగా ఖాదర్ తల నిండా ఉన్న చిక్కుముళ్ళన్నీ ఆ ఒక్క ప్రశ్నకు ఊడిపోయాయి. బిళ్ళ విలువ పోయినందుకు అతనికి పిసరంత బాధ లేదు. పైగా హాయిగా ఉంది. ఇప్పుడు చెప్పే మాటకు అడ్డం ఏదీ లేదు.

"నీ కోసం," అన్నాడు.

జేజి చక్కెర తట్ట పట్టుకుని ఆగిపోయింది.

"అబద్ధం చెప్పను," అన్నాడు ఖాదర్. "పెండ్లి మాట చెప్పి మా అమ్మను పంపలేదు నేను. పంపి ఉండాల్సింది. నాకు తెలివిలేక బిళ్ళ మాట చెప్పి పంపినా. నూరు రూపాయలు కూడా నీకిప్పిద్దామనే, నాకు కాదు. సోమవారం నిన్ను చూసేదానికి ఏదో ఒక సాకు కావాల, అందుకే ఆ బిళ్ళను పట్టుకోని వేలాడినా. ఇప్పుడు ఆ సాకు కూడా లేదు. నీకు ఇష్టం లేకుంటే గుడ్డ నువ్వే విప్పేసినావు, అంతటితో సరి. ఊర్లో ఎవరికీ ఈ మాట తెలీనీను. ఇష్టముంటే..."

"ఇష్టముంటే?"

"ఇష్టముంటే ఏం చేయాల్నో నేను ఆలోచన చేయలే."

మైమూన్‌కు నవ్వొచ్చింది. ఆపుకుందామని చూసింది కానీ కాలేదు. ఈసారి కళ్ళూ పెదవులూ రెండూ నవ్వాయి.

"మీ అమ్మ పచ్చగుడ్డ పట్టుకోని నా ముందర కూచుంది. అది ఏందో నాకు తెలీదనుకున్నావా? మా జేజి దగ్గర పెరిగిన దాన్ని. తెలిసే జబ్బ చాచినా. ఎవరూ నా చెయ్యి పట్టి లాగలేదు."

ఖాదర్ చాప మీది పచ్చగుడ్డ వైపు చూశాడు.

"కానీ నాకు రెండేండ్ల చదువు ఉంది," అంది మైమూన్. "అది పూర్తి కానిదే యాడికీ రాను. నాయనకు కూడా అదే చెప్తాండా."

"సరే."

"ఆ రెండేండ్లూ సోమవారం బస్సులో, శనివారం బస్సులో నువ్వే ఉండాల. ఇంకో కండక్టర్ వస్తే నేను ఎక్కను."

"సెలవు కూడా పెట్టను," అన్నాడు ఖాదర్.

ఆమె వంగి, చాప మీది పచ్చగుడ్డ తీసుకుంది. బిళ్ళను మధ్యలో పెట్టి మడిచి, ఎవరి సాయం అడక్కుండా తన జబ్బకు తానే చుట్టుకుని, పళ్ళతో ముడి బిగించింది. అఖ్తర్ బీ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. మాబున్ని జేజి రెండు చేతులూ ఎత్తి ఏదో దువా చదివి, మిగిలిన చక్కెర శేషాచలం నోట్లో పోసింది. ఆయన పాపం అప్పటికి కొంచెం తేరుకున్నాడు.

"చేతి పొడవు ఒక్కటి మిగిలింది నాయనా," అన్నాడు అలీ అహ్మద్ టేపు విప్పుతూ. "రెండేండ్లకు మనిషి మారుతాడు, నిజమే. అయినా ఉండనీ."

హారన్ ఇప్పుడు ఆగకుండా మోగుతోంది. ఖాదర్ చెయ్యి చాచి కొలత ఇచ్చి, చెప్పులు తారుమారుగా తొడుక్కుని పరుగెత్తాడు. తల్లి, శేషాచలం వెనకాల వస్తున్నారో లేదో కూడా చూడలేదు.

బస్సులో జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి ఉన్నారు. లింగాల రైతు ఆ రోజు కూడా ఉన్నాడు, ఈసారి ఉల్లిగడ్డల మూటతో.

"ఏందప్పా ఇంతసేపు? ఎండకు ప్రాణం పోతాంది. ఆడ ఏం కొంప మునిగింది?"

"పెండ్లి కుదిరింది మామా," అన్నాడు ఖాదర్ రొప్పుతూ.

"అట్లనా! ఎవురికి?"

ఖాదర్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఊదబోయి ఆగాడు. విజిల్ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"నాకే," అన్నాడు. ఆ మాట తన చెవిన పడ్డాక బస్సు మెట్టు మీదే కూర్చుండిపోయాడు.